నాంచారమ్మ ముడి

గ్రీష్మతాపమున బీటలువారిన భూతలమున తొలకరిజల్లులు చొచ్చి మృత్తికాసౌరభమును దశదిశలకు బంచిపెట్టుచుండ నీలమేఘమాలికలు తూర్పుకొండల శిఖరముల బారులుదీరి నిలిచియుండ ఎండకు వాడిన గానుగచెట్లు తలలు తడుపుకొని తెప్పరిల్లుచుండ ఆషాఢమాసారంభమున నొకనాటి ప్రాతఃకాలము నీలపర్రు పట్టణమున నయనానందకరమై యొప్పుచుండెను. వాన నెవరు వలదందురు? కాని చదువరీ, ఆ వాననీరు నేలలో నింకి యే చీకటిదారుల బోయి యే మురికితో జేయి కలుపునో కంటికి గానరాదు. ఈ కథ యంతయు నా కానరానిదానిని గూర్చియే.

ఆ పట్టణమున సాలెపేట కలదు. తెల్లవారినది మొదలు పొద్దుగూకువరకు మగ్గముల చప్పుడు మ్రోగుచుండు నా పేటకెల్ల నొక్కటియే గొట్టపుబావి. దాని నీరు తొట్టికెక్కి తొట్టినుండి కుళాయికి దిగును. ఆ కుళాయి ప్రక్కయింటనే నాంచారమ్మ యను నేతగత్తె వసించుచుండెను. పెండ్లియైన పండ్రెండేండ్లకు నోములు పండి కలిగిన యైదేండ్ల కూతురు అలివేలు ఆమెకు సర్వస్వము. తొలకరి పడిన వారమునకే పేటలో రెండిండ్లవారికి వాంతులును విరేచనములును బట్టుకొనగా నాంచారమ్మ గుండె జారిపోయి నాటినుండి నీళ్లు కాచికాని బిడ్డకీయదయ్యెను. తడికట్టెల పొగకు అలివేలు దగ్గి దగ్గి కన్నీరు పెట్టుకొనుచు ఈ పొగనీళ్లు నాకొద్దని మారాము చేయుచుండెడిది. బావినీరు మంచిదో కాదో యెవరైన తేల్చి చెప్పినచో నంతకంటె వరము లేదని యా తల్లి యెదురుచూచుచుండెను.

తేల్చి చెప్పవలసినది వకుళ. ఆమె పురపాలక జలపరీక్షాశాలయందు తొమ్మిదేండ్లుగా పనిచేయుచు ప్రధానపరీక్షకుడగు విశ్వపతిని గురువుగాను తండ్రిగాను భావించి కొలుచుచుండెను. విశ్వపతి నిష్ఠ పట్టణమున నెరుగనివారు లేరు. కుళాయిమూతిని జ్వాలతో గాల్చినగాని నీరు పట్టరాదనియు, సీసా మూత తీసియున్నంతసేపు మాటాడినచో మన తుంపరలే దానిని జెరచుననియు, ఫలితము తేలిన సీసానైనను శనివారము రాకుండ బారవేయరాదనియు నాయన శాసనములు. "నీళ్లకు నోరు లేదమ్మాయీ, వాటి తరఫున మాట్లాడాల్సింది మనమే" అని యాయన తొలినాడు చెప్పిన మాట వకుళ మనసున జెక్కినట్లు నిలిచిపోయెను. సాలెపేట బావికి జోటు చూపినవాడును ఆయనయే. పదవీవిరమణ సందర్భమున వచ్చు నాదివారమునాడు పౌరులాయనకు ఘనసన్మానము తలపెట్టి, ముప్పదియేండ్లలో ఆయన మంచిదన్న నీరు త్రాగి యొక్కడును మంచము పట్టలేదని యాహ్వానపత్రికలో నచ్చొత్తించిరి.

సోమవారమున వకుళ సాలెపేటకు వచ్చి గురూపదిష్టవిధానమున కుళాయిమూతిని గాల్చి నీరు పట్టెను. ఆ సీసాలో ముందుగానే యొక మందుపొడి యుండును. నీటిలో మలసంబంధమైన సూక్ష్మజీవులున్నచో వెచ్చనిపెట్టెలో నుంచిన రెండు దినములలోపల నది కాటుకవలె నల్లబడును. లేనిచో లేతపసుపువన్నెతో తేటగా నిలుచును. సీసాపై నంటించిన కాగితము వానకు దడిసి సిరా కారిపోవుచుండగా జూచి నాంచారమ్మ లోనికి బోయి మగ్గమునుండి యెర్రదారపుపోగొకటి తెచ్చి సీసామెడకు జుట్టి ముడివైచెను. తెగిన పడుగుపోగు నతుకునప్పుడు నేతవారు వేయు ముడి యది. ఆవగింజలో సగముండును. చేతికి దగులదు. బుధవారమునాటికి దేల్చెదనని చెప్పి వకుళ సీసాను గొనిపోయి పెట్టెలో నుంచెను.

బుధవారము ప్రాతఃకాలమున పెట్టె తెరువగా నెర్రదారపుసీసా తేటగా నుండెను. వకుళ యానందమునకు మేరలేదు. గొడుగైన గొనక వానలోనే సాలెపేటకు బరుగున బోయి "తాగండక్కా, నేనే పరీక్ష చేశాను, నాదీ పూచీ" అని చెప్పెను. నాంచారమ్మ యామె చేతులు రెండును కన్నుల కద్దుకొని పొయ్యిమీద నీళ్లు చల్లి యార్పివైచెను. అలివేలు కుళాయినీరు గ్లాసునిండ గడగడ త్రాగి యిందులో పొగ లేదే యని తల్లితో జెప్పి కిలకిల నవ్వెను.

గురువారము సాయంకాలమునకు సాలెపేటలో పదునొకండ్రు పడకవేసిరి. శుక్రవారము తెల్లవారుజామున ఆసుపత్రిలో అలివేలు చనిపోయెను. ఇంతకుమించి యీ సంగతిని వర్ణించుటకు నా కలమాడదు.

వకుళకు మతిపోయినట్లయ్యెను. తాను కన్నులార జూచిన తేటనీరు బిడ్డ నెట్లు చంపెను? ఆ యపరాహ్ణముననే, ఖననమునకు బోయినవారింకను స్నానములైన ముగింపకముందే, సీసాను జేతబట్టుకొని నాంచారమ్మ గుమ్మమున నిలిచెను. అట్టి వేళ నట్లు పోదగునా యందువేమో. తగదు. కాని తాను అబద్ధమాడలేదని యా తల్లికి జూపుకొనకున్నచో బ్రదుకజాలనని యామెకు దోచెను. నాంచారమ్మ సీసాను బట్టుకొని నీటిని జూడనేలేదు. బొటనవ్రేలితో దారమును దడవి యిట్లనెను.

"ఈ ముడి నాది కాదమ్మా. మేం ఏసే ముడి చేతికే తగలదు. ఇది మూటగట్టే ముడి. నా దారాన్ని ఎవురో తెంపి మళ్లీ కట్టారు."

వకుళ వెనుదిరిగెను. పరీక్షాశాల తాళపుచెవులు రెండే. ఒకటి తనయొద్దనుండెను. రెండవదెవరియొద్ద నుండెనో ఆమె యెరుగును. ఎరిగియు దారిపొడుగున వేరొక పేరు దొరకునేమోయని వెదకికొనుచు నడచెను.

పరీక్షాశాలలో విశ్వపతి సన్మానసభలో జదువవలసిన ప్రసంగమును వ్రాసుకొనుచుండెను. వకుళ సీసాను బల్లపై నుంచి యిది యెవరింటి నీరని యడిగెను. ఆయన లేచి తన బీరువా తలుపు తానే తెరచెను. శనివారము రాకుండ సీసా పారవేయరాదను నియమమును ద్రోహమునందును దప్పినవాడు కాడు! లోపల కాటుకవలె నల్లబడిన సీసా యొకటి యుండెను. దాని మెడ నంటుకొని గోరంత యెర్రదారపుతునకయు, దానిపై నాంచారమ్మ వేసిన ముడియు నట్లే యుండెను.

"మంగళవారం పొద్దున్నే నల్లబడిందమ్మాయీ. మా ఇంట్లో కాచిన నీళ్లు వేరే సీసాలో పోసి, దారం తెంపి దానికి కట్టి, దీని స్థానంలో పెట్టాను. సాయంత్రం తొట్టిలో బ్లీచింగు కూడా వేయించాను. రెండ్రోజుల్లో నీళ్లు బాగుపడతాయి, ఎవరికీ ఏమీ కాదు, నా పేరూ నిలుస్తుందనుకున్నాను."

"మరి తాగమని నాచేత ఎందుకు చెప్పనిచ్చారు మాస్టారూ?"

ఆయన తలవంచుకొనెను. "నువ్వు చెబితే నమ్ముతారని."

వకుళ కన్నీరింకిపోయెను. పరాయివాడు మోసగించినచో కోపము వచ్చును. తండ్రివంటివాడు మోసగించినచో తన తొమ్మిదేండ్లును దొంగిలింపబడినట్లుండునని యామె కప్పుడు తెలిసెను. "నీళ్ల తరఫున మాట్లాడమని నేర్పి మీ తరఫున మాట్లాడించుకున్నారు" అని మాత్రమనెను. నల్లసీసాను గైకొని నేరుగా పురపాలకాధికారికడకు బోయి జరిగినదంతయు వ్రాసి యిచ్చెను. గురువు పేరుతోబాటు, సీసాను కడవరకు కనిపెట్టియుండక పూచీపడిన దోషమునకు దన పేరును జేర్చెను.

బావి మూయబడెను. త్రవ్వి చూడగా మురుగుకాలువ బండ పగిలి యందలి నీరు బావిగొట్టము వెంబడి లోనికి దిగుచుండెను; తొట్టిలో వేసిన బ్లీచింగు క్రొత్తగా నెక్కిన నీటికి గంటసేపైన నాగినది కాదు. సన్మానపు పందిరి విప్పబడెను. విశ్వపతిపై విచారణ నడచి యాయన యూరు విడిచిపోయెను. ఆయన దుర్మార్గుడా యని నన్నడిగినచో కాదనియే చెప్పెదను. అదియే నాకు మిక్కిలి కంటకమైన సంగతి.

కార్తికమాసమున మరమ్మతు ముగియగా వకుళ మరల సాలెపేటకు వచ్చి కుళాయిమూతిని గాల్చి నీరు పట్టెను. చుట్టునున్నవారిలో నొక్కరును బలుకరింపలేదు. నాంచారమ్మ మగ్గము దిగి యెర్రదారముతో వచ్చి సీసామెడకు ముడివైచి, వకుళ వెనుకనే పరీక్షాశాలవరకు నడచివచ్చెను.

"రెండు రోజులు పడుతుందక్కా. తేలగానే నేనే వచ్చి చెబుతాను."

"చెబితే ఇనే రోజులు పోయినయ్యమ్మా. చూసుకునే పోతాను."

వకుళ కాదనలేక పెట్టె కెదురుగా జాప పరచెను. జ్వరపుబిడ్డ మంచముకడ గూర్చున్నట్లు నాంచారమ్మ గాజుతలుపునకు గన్నులప్పగించి రెండు దినములు గూర్చుండెను. మూడవనాటి యుదయమున సీసా తేటగా బయటికి వచ్చెను. ఆమె నీటివంక చూడలేదు. బొటనవ్రేలితో మెడచుట్టును దారమును దడవి ముడి దొరకువరకు వెదకి "నాదే" అనెను. అని సీసాను వకుళ చేతికిచ్చి యామె ముఖమైన జూడక వీధిలోనికి దిగిపోయెను.