ఆరుద్ర అంటే ఏ తేదీ?

రైతుల సంఘం ట్రాక్టరుకు గొర్రు తగిలించి మా ఊళ్లో వేరుశనగ విత్తేది నేనే. మూడేళ్లు ఒకటే పద్ధతిలో నడిచింది. వాన ఎవరి చేలో పడితే ముందు అక్కడికి పోవాలి. ఎర్రనేల ముందు, నల్లనేల వెనక. ఎర్రనేలలో పదును రెండు రోజులకు మించి నిలవదు. ఆ తడి ఉండగానే గింజ లోపల పడాలి. బెళుగుప్ప వైపు వాన ఎద్దుకు ఒక కొమ్ము తడిపి రెండోది వదిలేసి పోతుంది. అందుకే తమ వంతు ఏ రోజని ముందుగా ఎవరూ అడిగేవాళ్లు కాదు.

2008లో సంఘానికి మేనేజరుగా సురేంద్ర వచ్చాడు. కళ్యాణదుర్గం మనిషి. హైదరాబాదులో మేనేజిమెంటు చదివాడు. చెడ్డవాడు కాదు. ఎండలో చేలమ్మట తిరిగేవాడు. వచ్చిన వారానికే ఆఫీసు గోడకు తెల్లబోర్డు కొట్టించి, ట్రాక్టరు ఖాళీగా నిలబడిన గంటలు దాని మీద రాసి, తల పట్టుకున్నాడు. అది వాన కోసం నిలబడిందని నేను చెప్పలేదు. తెలుసనుకున్నాను.

తర్వాత కంప్యూటరు వచ్చింది. ట్రాక్టరు కావలసినవాళ్లు తేదీ చెప్పాలి. అది ఫోనులైను మీదుగా అనంతపురం పెద్దాఫీసుకు పోతుంది. వాళ్లు సరే అంటే ఇక్కడ చీటీ వస్తుంది. చీటీ ఉన్న చేనికే నేను పోవాలి.

హనుమక్కకు గుట్ట కింద మూడెకరాల ఎర్రనేల. మేత లేక ఎడ్లను అమ్మేసింది. సంఘం ట్రాక్టరు రాకపోతే ఆ ఏడు ఆమెకు పంట లేనట్టే.

"ఎప్పుడు విత్తుతావక్కా?" అని సురేంద్ర అడిగాడు.

"ఆరుద్రలో, నాయనా."

"తేదీ చెప్పల్ల."

"ఆరుద్ర అంటే ఆరుద్రే. పదునైన పొద్దు."

"పదునైన పొద్దు అంటే ఇది తీసుకోదక్కా."

"తీసుకోకపోతే వానదేవుణ్ణే పిలిపించు. ఆయప్పే తేదీ చెప్తాడు."

అందరూ నవ్వారు. సురేంద్ర కూడా నవ్వి, క్యాలెండరు చూసి, ఆరుద్ర కార్తె మొదలయ్యే జూన్ ఇరవైరెండు కొట్టాడు. ఆమెకు ముందు పదిహేనుమంది కూడా ఆరుద్ర అనే చెప్పి ఉన్నారు. రోజుకు ఒక చేను. కంప్యూటరు ఆమెను నెట్టుకుంటూ పోయి జూలై ఏడు దగ్గర నిలబెట్టింది.

జూన్ ఇరవైమూడు సాయంత్రం గుట్ట వైపు గట్టి వాన పడింది. ఊరికి ఇవతల చుక్క లేదు. మరునాడు పొద్దున్నే ఆఫీసు దగ్గర హనుమక్క ట్రాక్టరు ముందుకొచ్చి నిలబడింది. మోకాళ్ల దాకా ఎర్రమట్టి.

"అన్నా, జానెడు దిగినాది తడి. విత్తనానికి మందు కూడా కలిపి పెట్టినా. రా."

నేను సురేంద్రను చూశాను. అతను కంప్యూటరును చూశాడు. వానకు ఫోనులైను పోయింది. తేదీ మార్చాలంటే పెద్దాఫీసు ఒప్పుకోవాలి.

"లైను రానీ అక్కా, మారుస్తా. అంతవరకూ బండి నిలబడేదానికి లేదు. కదిరప్పన్నా, ఈ పొద్దు చీటీ కుళ్ళాయప్పది. ఆడికి పో."

పోయాను. కుళ్ళాయప్ప చేను ఊరికి ఇవతల ఉంది. గొర్రు దించగానే దుమ్ము లేచింది.

"ఆపప్పా! బూడిదలో విత్తుతారా ఎవరన్నా?"

"నీ వంతు హనుమక్కకు వదిలేస్తావా?"

"వదిలితే నాకు మళ్లీ ఎప్పుడు?"

"వరుసలో కడాకు పోతావు. జూలై దాటుతాది."

కుళ్ళాయప్ప గట్టు మీద కూర్చున్నాడు. పోయిన ఏడు ఇదే మనిషి, తన చేను ఆరిపోయింది, ముందు హనుమక్క చేనికి పో అని నన్ను తరిమాడు.

"వదలనప్పా. మాపటికి ఈడ వాన పడితే నాకెవరిస్తారు? చీటీ ఉండాది, సాయంత్రం దాకా బండి నాది."

తప్పని ఎలా అంటాను? ఇద్దరం మబ్బు చూస్తూ కూర్చున్నాం. బోర్డు మీద ఆ రోజు పని ఎనిమిది గంటలని పడింది. మరుసటి రోజు ఇంకొకరి పొడి చేను. పగలంతా ఆషాఢం గాలి.

ఫోనులైను బాగుపడి, ఇరవైఆరు మధ్యాహ్నం హనుమక్క చీటీ వచ్చింది. నాలుగు సాళ్లు పోయానో లేదో, గొర్రు వెనక నడుస్తున్న ఆమె వంగి, వేలితో మట్టి కెలికి చూసింది.

"ఆపన్నా. విత్తనమన్నా మిగలనీ."

సురేంద్ర మోటారుసైకిలు మీద వచ్చాడు. "ఏంటికి ఆపినారు? కిందామీదా పడి తెప్పించినా చీటీ!"

"పదును పోయె నాయనా. మళ్లీ వానొస్తే పంపు."

అతను గాలికి ఎగిరే మట్టిని చూశాడు. "కంప్యూటర్లో నీ వంతు వాడుకున్నట్టు పడిపోయిందక్కా. మళ్లీ తేదీ చెప్పి రాయించుకోవల్ల."

హనుమక్క నా వైపు తిరిగింది. "మళ్లీ వానొస్తే ఎవర్ని అడగల్లన్నా? దాన్నా, నిన్నా?"

"నన్నే అడుగు," అన్నాను. సురేంద్ర విన్నాడు.

ఆమె విత్తనాల మూట మూతి బిగించి కట్టి, తల మీదికి ఎత్తుకుంది.

"మొన్న అడిగితి గదన్నా," అంది.