శ్రీదివ్య హిందీ

గోకరకాయలు గిల్లుతూ వంటింట్లో కూర్చున్న మంజులకు ముందుగదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "మా శ్రీదివ్యకు తెలుగు రాకున్నా హిందీ గడగడ వస్తది. ఏదీ బిడ్డా, జర చెప్పు."

మంజుల కూతురు, మూడున్నరేళ్ల శ్రీదివ్య టీవీ మీంచి చూపు తిప్పకుండానే "ఠహరో, మై ఆ గయా" అంది, ఆగు నేనొచ్చేశా అని. చుట్టాలు మెచ్చుకున్నారు. చిక్కడపల్లిలో ఆ వాటాలోకి ఎవరొచ్చినా ఈ ముచ్చట జరగాల్సిందే. మంజుల కూడా నవ్వుకునేది.

మర్నాడు పిల్లకు జ్వరం వచ్చింది. చెయ్యి చెంపకు ఆనించుకుని, ఏడుస్తూ, "ఠహరో, ఠహరో" అంటూనే ఉంది. "జ్వరంల గూడ హిందీనే" అని మంజుల భర్త నాగేందర్ నవ్వాడు. మూడోరోజు దిండు మీద చీము మరక కనిపించేదాకా అది చెవినొప్పి అని ఎవరికీ తెలియలేదు.

హిమాయత్‌నగర్‌లో పిల్లల డాక్టరు కమలాకుమారి చెవి చూసి, "నొప్పి అని చెప్పలేదా?" అని అడిగింది.

"తెలుగు ఇంకా రాలేదు మేడం. హిందీ వస్తది" అంది మంజుల.

"నీళ్లు కావాలంటే ఏమంటది?"

మంజుల గుర్తు చేసుకుంది. పిల్ల నీళ్ల బిందె దగ్గరికి చెయ్యి పట్టి లాక్కెళ్తుంది, అంతే. ఏమీ అనదు.

"అది హిందీ కాదమ్మా, టీవీ. అది చెప్తనే ఉంటది గాని పిల్ల మాటకు జవాబియ్యదు. ఎదుటి మనిషి జవాబిస్తనే పిల్లలకు మాటలొస్తయి. రోజుకు ఎన్ని గంటలు పెడ్తున్నవ్?"

లెక్క వేస్తే ఎనిమిది దాటింది. మొదట పెట్టింది తనే. ఏడాది పిల్ల కొంగు వదలకుండా ఏడుస్తుంటే, "జర దాని నోరు మూయించు, మ్యాచ్ వినబడ్తలేదు" అన్నాడు నాగేందర్. లోపలి గదిలో చిన్న టీవీ ముందు కూర్చోబెట్టింది. రొట్టెలు అయ్యేదాకా పిల్ల కిక్కురుమనలేదు. "ఇప్పుడు తెలివొచ్చింది నీకు" అంది అత్తగారు. ఆ ఇంట్లో మంజుల అందుకున్న మొదటి మెప్పు అది. తర్వాత ఎప్పుడైనా తను, ఈ పిల్ల మాట్లాడదేమని అడిగితే, "ఆడపిల్ల, మాటలు తక్కువుంటే మంచిదే గద" అని కొట్టిపారేసేది ఆవిడ. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో మంజులది రిసెప్షన్ పని. కొత్త బ్యాచ్ ఎప్పుడక్కా, హాస్టల్ దొరుకుతదా అక్కా అని ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు అడుగుతుంటే సాయంత్రం దాకా ఓపికగా చెప్తుంది. అదే నోరు ఇంటికొచ్చాక కన్నబిడ్డతో తిను, కూర్చో, లేవకు తప్ప ఇంకేమీ అనదు. తనతో మాత్రం ఎవరు మాట్లాడారని. టీ, టవల్, చార్జర్ ఏది, ఇవే నాగేందర్ మాటలు. ఏడేళ్ల కాపురంలో ఇంకేమైనా మాట ఉందా అని వెతికితే తొందరగా దొరకలేదు.

"అమ్మా, నువ్వు టైం ఇయ్యాలె" అంటోంది డాక్టరు. "టీవీ బంద్ చేసి రోజూ రెండు గంటలు పిల్లతోటి కూర్చోవాలె. ఆలస్యమైతే కష్టం, బళ్లో వెనకబడ్తది."

పక్క కుర్చీలో నాగేందర్ కొత్త టచ్ ఫోన్ మీద వేలు జరుపుతూనే, "నౌకరి బంద్ చేయిస్త మేడం" అన్నాడు. "తల్లి ఇంట్లుంటే ఇట్ల అయ్యేదే కాదు."

డాక్టరు తల ఊపింది. లోపలికి వచ్చినప్పటి నుంచి ఆవిడ ఒక్కసారి కూడా అతని వైపు చూడలేదన్న సంగతి మంజుల అప్పుడు గమనించింది. తప్పు పట్టడానికీ, జాగ్రత్త చెప్పడానికీ ఆ గదిలో ఒక్క మనిషే ఉన్నట్టు.

"నౌకరి నేను ఇడువను మేడం," అంది మంజుల. "పొద్దున ఒక గంట నేను కూర్చుంట. సాయంత్రం గంట ఆయన. ఇప్పటిదాంక మీరు నాకు చెప్పిందంతా జర ఆయనకు గూడ చెప్పున్రి."

నాగేందర్ ఫోన్ మీంచి తల ఎత్తాడు. డాక్టరు కుర్చీని అతని వైపు తిప్పుకుంది.