కోతుల కోసం వేసిన తాళం

దోర్నాలలో శ్రీశైలం రోడ్డు మీద హోటళ్ళకు కొదవ లేదు. వాటిలో మాల్యాద్రి హోటలు ఒకటి. దాని వెనకాలే అతని ఇల్లు. ఇంటి వంటగదికీ హోటలుకూ మధ్య గోడలో ఓ కిటికీ ఉంది. లోపల అతని తల్లి అంకాలమ్మ ఇడ్లీ వండి ఆ కిటికీలోంచి అందిస్తే, ఇవతల మాల్యాద్రి వడ్డిస్తాడు. వంటగది పక్కనున్న గదిలో అతని కూతురు చెంచులక్ష్మి ఉద్యోగం కోసం చదువుతోంది. చదివేది లైనక్స్. అదేమిటని ఎవరన్నా అడిగితే, "పెద్ద పెద్ద కంపెనీల కంప్యూటర్లు దాంతోనే నడుస్తాయంట. అవి పడుకోకుండా మా పాప చూసుకుంటాది" అనేవాడు మాల్యాద్రి. అంతకంటే బాగా చెప్పడం చెంచులక్ష్మికీ రాదు.

ఆమెకు రానిది మరొకటి ఉంది, ఆగడం. అంతకు ముందు రెండు ఇంటర్వ్యూల్లో ఆమెను ముంచింది అదే. "సర్వరు పలకడం లేదు, ఏం చేస్తారు?" అని అడగడమే ఆలస్యం, "రీస్టార్ట్ చేస్తాను సార్!" అనేది. అవతలివాళ్ళు మర్యాదగా నవ్వి, మెయిల్ పంపుతామన్నారు. పంపలేదు. పక్కింటి కాశమ్మ కొడుకు శివకృష్ణ హైదరాబాదులో అదే పని చేస్తున్నాడు. రోజూ ఫోనులో ప్రశ్నలు వేసి ఆమెను ఉతికి ఆరేసేవాడు.

"ముందు చూడు, తర్వాత ముట్టుకో! ఎన్నిసార్లు చెప్పాల నీకు? డిస్కు నిండిందేమో చూసినావా? లోపల ఎవురన్నా పని చేసుకుంటా ఉండారేమో చూసినావా?"

"చూస్తాలేన్నా. చూసినాక రీస్టార్ట్ చేస్తా."

శివకృష్ణ ఫోను పెట్టేసేవాడు.

ఇది మూడో ఇంటర్వ్యూ. ఇదీ పోతే బి.ఇడి.లో చేరతానని తండ్రికి తనే మాట ఇచ్చింది. పిల్లలకు పాఠాలు చెప్పడం మంచి పనే కాని, అది తన పని కాదని ఆమెకు తెలుసు. నల్లటి తెర మీద తను కొట్టిన ఒక్క వరుసకు ఎక్కడో ఉన్న యంత్రం బదులు చెబుతుంటే కలిగే సంతోషం ఆమెకు మరెందులోనూ దొరకలేదు. అది చేజారిపోతుందన్న భయంతో వారం నుంచీ తిండి సయించడం లేదు. ఆ సోమవారం పొద్దున ఇడ్లీ కూడా ముట్టలేదు.

ఇంటర్వ్యూ పదకొండింటికి, ఇంట్లోనే, లాప్‌టాప్‌లో. అవ్వ అంకాలమ్మతో పేచీ వచ్చింది అక్కడే.

"గడప దాటకుండా ఉద్యోగానికి పోయేదేంది? నీకు ఎదురు ఎవురొస్తారు?"

"ఎదురెందుకవ్వా? వాళ్ళే కంప్యూటర్లోకి వస్తారు."

"వాళ్ళొస్తే శకునం అయితాదా? రోడ్డు దాకా పోయి రా. కాశమ్మను నీళ్ళబిందెతో ఎదురు రమ్మన్యా."

అవ్వతో వాదించడం కంటే రోడ్డు దాకా నడవడం తేలిక. ఇస్త్రీ చుడీదారులో చెంచులక్ష్మి బయటికి వచ్చింది, వెనకాలే శకునం చూడ్డానికి అవ్వా వచ్చింది. లాప్‌టాప్ బల్ల మీద తెరిచే ఉంది. అలా వదిలేస్తే కోతులు ఊరుకోవు. కిందటి నెల ఒకటి లోపలికి దూరి కీబోర్డు మీట ఒకటి పీక్కుపోయింది. వాటి బాధ పడలేకే మాల్యాద్రి వీధి తలుపుకు, లాగితే దానంతటదే పడే కొత్త తాళం బిగించాడు. చెంచులక్ష్మి తలుపు లాగింది. పడిందో లేదోనని మళ్ళీ ఓసారి లాగి చూసుకుంది. అంత జాగ్రత్త.

కాశమ్మ ఇంకా బిందె ఎత్తుకోకముందే పిల్లి అడ్డం పోయింది. "కూసో. గుక్కెడు నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరు" అంది అవ్వ. అంటే అవ్వ కూడా చేయించింది రీస్టార్టే. రెండోసారి కాశమ్మ నిండు బిందెతో, పెళ్ళికి నడుస్తున్నంత హుందాగా ఎదురొచ్చింది. అందరూ సంతోషంగా వెనక్కి వచ్చారు.

తలుపు రాలేదు. తాళంచెవి లోపల మేకుకు వేలాడుతోంది.

కేకలు విని మాల్యాద్రి గడ్డపారతో పరిగెత్తుకొచ్చాడు. "జరుగమ్మా, ఒక్క దెబ్బకు ఊడొస్తాది!"

"పగలగొట్టు నాయనా!" అన్న మాట చెంచులక్ష్మి నాలుక చివరి దాకా వచ్చింది. వచ్చి ఆగిపోయింది. ఆ మాట అచ్చం "రీస్టార్ట్ చేస్తాను సార్" లాగే తోచిందామెకు. చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు నాయనా. ముందు చూద్దాం."

చూసింది. తన గది కిటికీ ఊచల్లోంచి లాప్‌టాప్ వెలుగుతూనే కనిపించింది. దొడ్డివైపు తలుపుకు లోపల గడియ. ఇంట్లో ఉండి తీయగలిగిన వాళ్ళంతా శకునం చూడ్డానికి వీధిలోనే ఉన్నారు. ఇక ఏ దారీ లేదా అనుకుంటుండగా, హోటల్లోంచి ఎవరో "ఇంకో ప్లేటు ఇడ్లీ!" అని అరిచారు.

ఇడ్లీల కిటికీ!

"యాడికే?" అని అవ్వ అడుగుతున్నా వినకుండా హోటల్లోకి ఉరికింది. శివమాల వేసుకున్న స్వాములు అక్కడ టిఫిను చేస్తున్నారు. చెంచులక్ష్మి బెంచీ ఎక్కేసరికి ప్లేట్లు చేతుల్లోకి తీసుకుని లేచి నిలబడ్డారు.

"ఏందమ్మా ఇది?"

"ఇంటర్వ్యూ స్వామీ!" అంటూ ఆమె తల ముందు పెట్టి కిటికీలో దూరింది. కాళ్ళు కాసేపు హోటల్లోనే ఉండి, తర్వాత అవీ లోపలికి వెళ్ళాయి. ఎందుకైనా మంచిదని స్వాములు ఓంకారం చెప్పారు.

ఆమె కుర్చీలో పడిన మరుక్షణం తెర మీద ఇద్దరు ప్రత్యక్షమయ్యారు, కళ్ళద్దాల ఆయనొకరు, ఆవిడొకరు. మొదటి ప్రశ్నలు సాఫీగా జరిగాయి. తర్వాత ఆయన గొంతు సవరించుకున్నాడు.

"దూరాన ఉన్న సర్వరుకు మీరు ఫైర్‌వాల్ పెట్టారు. దొంగలతో పాటు మీకూ దారి మూసుకుపోయింది. ఏం చేస్తారు?"

చెంచులక్ష్మికి నవ్వు పొంగుకొచ్చింది. ఆపుకుని, నిదానంగా చెప్పింది. "రీస్టార్ట్ చెయ్యను సార్. అంతకుముందే లోపలికి వెళ్ళి పని చేసుకుంటున్న వాళ్ళెవరన్నా ఉంటే, వాళ్ళను బయటికి రావద్దని చెప్పి, వాళ్ళ చేతే దారి మూసిన ఆ రూల్ తీయిస్తాను. ఎవరూ లేకపోతే నెట్‌వర్కుతో పని లేని దారి, కన్సోల్, ఉంటుంది. అందులోంచి దూరి నేనే తీస్తాను. మళ్ళీ పెట్టేటప్పుడు, నేను బయట పడిపోయినా కాసేపటికి దానంతటదే తొలగిపోయేలా పెడతాను."

"ఇది మీకు నిజంగా జరిగిందా?" అంది ఆవిడ.

"ఇప్పుడే మేడం." కోతులూ, శకునమూ, ఇడ్లీల కిటికీ, అన్నీ చెప్పింది. భుజం మీద పల్లీ చట్నీ మరక కెమెరాకు చూపించింది.

ఆయన కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "మరి తలుపు తీశారా?"

"టైము లేదు సార్. మావాళ్ళింకా బయటే ఉన్నారు."

వాళ్ళిద్దరూ మైకు ఆపి కాసేపు మాట్లాడుకున్నారు. ఆవిడ మైకు పెట్టి, "మెయిల్ సాయంత్రానికి వస్తుంది. మిమ్మల్ని తీసుకుంటున్నాం. ఎప్పుడు చేరతారు?" అంది.

"రేపే" అనబోయి ఆగింది. ముందు చూసింది. గది తలుపులోంచి కనిపించే వంటగది కిటికీలో అవ్వ, నాయన, కాశమ్మ, ఇద్దరు స్వాములు తలలు ఇరికించుకుని ఉన్నారు. రేపు మంగళవారమని అవ్వ తల అడ్డంగా ఊపుతోంది.

"గురువారం మేడం."

తెర ఆరిపోయింది. చెంచులక్ష్మికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, ఆకలి కూడా వచ్చింది.

"వచ్చినట్టేనా తల్లీ?" అన్నాడు మాల్యాద్రి.

"వచ్చినట్టే నాయనా. ఉండు, తలుపు తీస్తా."

"తలుపు తర్వాత. ముందు తిను" అంటూ అతను కిటికీలోంచి ప్లేటు అందించాడు. ఇన్నేళ్ళుగా ఆ కిటికీలోంచి ఇడ్లీలు హోటల్లోకి పోవడమే గాని, ఇంట్లోకి రావడం అదే మొదటిసారి.