వేడి అమ్మిన పొద్దు

ఏడాదిలో తొలి పౌర్ణమి పొద్దున ఓయున్ అక్రోటుకాయను పళ్ల మధ్య పెట్టి పటుక్కున కొరికింది. ఎండలకు పేరుపడ్డ దేగూ ఊళ్లో ఆ పూట అందరూ అలాగే కొరుకుతారు, ఏడాదంతా ఒంటి మీద కురుపులు లేవకూడదని. ఆమె మాత్రం గూ మాస్టారిని తలచుకుని కొరికింది.

మంగోలియా నుంచి వచ్చి పదకొండేళ్లయింది. ఈ ఊళ్లో ఆమెకు రెండే సుఖాలు: బుధవారాలు మ్యూజియం, పండగలకి ఊరివాళ్ల ఆచారాలు. రెండింటినీ ఒక్క దెబ్బతో చేదు చేసినవాడు గూ మాస్టారు. రిటైరైన బడిపంతులు, మ్యూజియానికి వచ్చినవాళ్లకు బొమ్మల గురించి చెబుతుంటాడు. నిరుడు ఇదే రోజున మ్యూజియం గుమ్మంలో "ఓయునమ్మా!" అని ముద్దుగా పిలిచాడు.

"ఆఁ, మాస్టారూ?"

"నా వేడి కొనుక్కో!"

ఆ రోజు మధ్యాహ్నం లోపు పిలిస్తే పలికినవాళ్లకు పిలిచినవాళ్ల ఎండాకాలపు వేడంతా అంటుకుంటుందట. అందరితో పాటు ఆమె కూడా నవ్వింది. అక్కడి నడివేసవి జూలైలో బస్టాపు దగ్గర వడదెబ్బకు కూలి మూడు వారాలు మంచం పట్టింది. ఆమె రెండేళ్లుగా ఎదురుచూసిన గుర్రాల బొమ్మలు, తన దేశపువి, సరిగ్గా ఆ మూడు వారాలే మ్యూజియంలో ఉన్నాయి. లేచి వచ్చేసరికి గోడలు ఖాళీ. టికెట్లిచ్చే మాన్‌సుక్ ఒక పోస్టరు చుట్టి ఆమె కోసం దాచింది. ఆ మంచితనానికి ఓయున్ కళ్లు తడిశాయి. గూ మాస్టారు మాత్రం, "గుర్రాలే కదమ్మా, పరిగెత్తడం వాటికి అలవాటే!" అన్నాడు.

ఆ మాట ఆమె ఇవాళ్టి దాకా దాచుకుంది.

ఇవాళ ఆయన మహా జాగ్రత్తగా ఉన్నాడు. "మా అమ్మ లేచొచ్చి పిలిచినా మధ్యాహ్నం దాకా నాకు చెవుడే!" అని మాన్‌సుక్ దగ్గర గొప్పలు పోతున్నాడు.

ఊరివాళ్లు వేసిన బొమ్మల గదిలో ఆయన సిరాతో వేసిన పండ్లకొమ్మ ఒకటి వేలాడుతోంది. దాంట్లో మెచ్చుకోదగ్గది వెతకడానికి ఓయున్ బుధవారమని చూడకుండా పది రోజులు తిరిగింది. తొమ్మిది రోజులు తప్పులే కనిపించాయి. పదో రోజున కొమ్మ వంగిన చోటు చూసింది. అక్కడ కుంచె కాస్త ఆగింది. పండు బరువంతా ఆ ఆగడంలోనే ఉంది. నిజంగా బాగుంది. బాగుండటమే ఆమెకు మంట.

గూ మాస్టారు పదిమందిని వెంటబెట్టుకుని ఆ గదిలోకి రాగానే, ఆయనను చూడనట్టే ఓయున్ పక్కనున్న మాన్‌సుక్ వైపు తిరిగి గొంతు పెంచింది.

"మాన్‌సుక్ అక్కా, ఈ కొమ్మ చూశావా? బరువు గీయలేదు, కుంచె ఆపి చూపించాడు. ఏం చెయ్యి అక్కా! ఎవరీ గూ బోన్‌సిక్?"

అందరికీ మాస్టారే తప్ప ఆయన పేరు ఎవరి నోటా వినబడి ఎన్నాళ్లయిందో.

"నేనే! ఇక్కడే ఉన్నా!"

"నా వేడి కొనుక్కోండి మాస్టారూ. నిరుటిది కూడా కలిపి."

గది గొల్లుమంది. "అయ్యో, మాస్టారు బోల్తా!" అని మాన్‌సుక్ పొట్ట పట్టుకుంది. ఆయనా నుదురు కొట్టుకుని నవ్వాడు.

జనం పక్కగదికి కదిలాక మెల్లగా దగ్గరికొచ్చాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అమ్మాయ్... ఆ కొమ్మ సంగతి నిజంగానే అన్నావా? నన్ను పలికించడానికా?"

ఆయన కోటు గుండీ విప్పి మళ్లీ పెట్టుకోవడం ఆమె చూసింది. నిజమే అన్న ఒక్క మాట చాలు. అది నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఓయున్ దాన్ని మింగేసింది.

"ఎండలు పోనివ్వండి మాస్టారూ. అప్పుడు చెబుతా."

"అంటే... సెప్టెంబరా?"

"దేగూ ఎండలు కదా," అంది ఓయున్. "అక్టోబరు."