కిటికీలో మనిషి

మొహానికి రెండో పూత పౌడరు అద్దుకుంటుండగా వీధిలో బాకా మోగింది. అంటే పొద్దుటి బస్సు వచ్చిందన్నమాట. ఆమె జుట్టు విరబోసుకుని, బూడిదరంగు శాలువా కప్పుకుని, మేడమీది కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంది. తెర అంచు పట్టుకుని చెవులు రిక్కించింది. భర్త గొంతు మలుపు తిరిగి దగ్గరకొస్తోంది.

"పడవెక్కి పోయిన ఆ గాయకుడు మళ్లీ రాలేదండీ. ఆవిడ మాత్రం ఇప్పటికీ ఆ కిటికీలోనే..."

ఇక్కడ ఆయన చెయ్యెత్తుతాడు. ఆమె తెరని ఎడమకి కాస్త జరిపి, గుంపుని ఒకసారి చూసి, వదిలేస్తుంది. కింద "అమ్మో" అని కేకలు, ఆ వెనకే నవ్వులు. ఆమె ఉద్యోగం అంతే.

దక్షిణాన ఉన్న ఆ పాత నగరానికి జనం పాటల కోసం వస్తారు, తిండి కోసం వస్తారు, ఉత్సవాలకి విరగబడి వస్తారు. వచ్చినవాళ్లకి ఒక దయ్యాన్ని కూడా చూపిస్తే బావుంటుందని, ఊరు చూపించే పనిలో ఉన్న ఆయనకి పెళ్లైన కొత్తలో తట్టింది. పొయ్యి దగ్గర కూర్చుని ఇద్దరూ కలిసి కథ అల్లారు. గాయకుడూ లేడు, ఎదురుచూసే భార్యా లేదు. పడవ ఆమె ఆలోచన. బండెక్కి పోతే ఎవరికీ ఏడుపు రాదంది.

ఈ పనికి ఉన్నది ఒకటే నియమం. బస్సులు తిరిగే వేళ ఆమె వీధిలో కనపడకూడదు. కిటికీలో చూసిన దయ్యం మూల కొట్టులో ఉల్లిపాయలు బేరమాడుతూ ఎదురైతే ఇక ఆ కథ ఎవడు నమ్ముతాడు? అందుకని ఆమె బజారుకి వెళ్లేది కొట్లు మూసే ముందు. వాడిన కూరలు, చల్లారిన రొట్టెలు ఆమె వంతు. పాటలు కిటికీ అద్దం దాటి వచ్చినంత మేరకే ఆమెవి. వీధివాళ్లు దయ్యం పిన్ని అని ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేది. జుట్టు నెరిసినప్పుడు ఆయన దిగులు పడలేదు సరికదా, దయ్యానికి భలే నప్పిందని మురిసిపోయాడు.

పరాయి ఊరి మనిషిలా ఒక్కరోజు ఈ ఊరు చూడాలని ఆమె కోరిక. ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ప్రతి ఉత్సవానికీ ఆయన "వచ్చే ఏడు చూద్దాంలే" అనేవాడు. ఇవాళ ఉత్సవాల ఆఖరి రోజు. భోజనాల దగ్గర ఆమె అడగడం మానేసి, చెప్పింది.

"సాయంత్రం గుంపుతో నేనూ వస్తున్నానండీ. కింద నిలబడి చూస్తాను."

"మరి పైన ఎవరుంటారే?"

"ఎవరూ ఉండరు. ఈ ఒక్కపూట మీ కథ మీరే నెట్టుకురండి."

"తెర కదలకపోతే నా పరువేం కాను?"

"నేను బతికున్న మనిషినని ఒక్కరైనా చూడొద్దా? పోనీ, మీరైనా?"

ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. కాదనలేదు గనక సరేనన్నట్టే లెక్క అనుకుంది.

పౌడరు కడిగేసి, జుట్టు ముడేసుకుని, పెట్టె అడుగునున్న పసుపుపచ్చ బట్టలు తీసి వేసుకుంది. బస్సు దిగినవాళ్లలో కలిసిపోయింది. ఆయన ఎప్పట్లాగే జనం తలల మీదుగా చూస్తూ ముందు నడిచాడు. ఎవరి మొహమూ చూడడం ఆయనకి అలవాటు లేదు.

బాకా ఊదేది ఒక్కడే ముసలాయన అని ఆమెకి ఇవాళే తెలిసింది. ఇన్నేళ్లూ ఇద్దరనుకుంది. ముసలాయన బుగ్గలు పొంగడం, మెడ నరాలు ఉబ్బడం నోరు తెరుచుకుని చూసింది. పెనం మీంచి తీసిన రొట్టె తిని నాలుక కాల్చుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అయినా ఇంకోటి పెట్టించుకుంది.

"మీదేవూరండీ?" పక్కనున్న లావుపాటి ఆవిడ మంచినీళ్లు అందిస్తూ అడిగింది.

"చాలా దూరం లెండి. ఇదే మొదటిసారి రావడం."

ఆ అబద్ధం ఆడుతుంటే ఆమెకి ఎంత సంతోషమేసిందో చెప్పలేం.

పొద్దు వాలుతుండగా గుంపు ఆ ఇంటి ముందుకొచ్చింది. కింద నుంచి చూస్తే కిటికీ ఆమె అనుకున్నదానికన్నా చిన్నది. భర్త కథ చెబుతుంటే జాలేసింది. పాపం, చివర్లో ఏం చేస్తాడో. ఆయన గొంతు తడబడింది గానీ చెయ్యి అలవాటు కొద్దీ లేచింది.

తెర కదిలింది.

"అమ్మో" అన్నారందరూ. బూడిదరంగు శాలువా, విరబోసిన తెల్లజుట్టు. తెరని ఎడమకి జరిపిన ఆ చెయ్యి, భుజం నొప్పికి తన చెయ్యి ఆగినట్టే మధ్యలో ఆగి మళ్లీ కదిలింది. ఆ మనిషి గుంపుని చూడలేదు. ఆమెనొక్కదాన్నే చూసింది.

ఆయన మొహం విప్పారింది. భార్య మనసు మార్చుకుని పైకెళ్లిందనుకున్నాడు కాబోలు. ఆమె గుంపుని తోసుకుంటూ ఆయన ముందుకెళ్లింది.

"ఏమండీ, నేనిక్కడున్నాను!"

"కాస్త పక్కకి జరగండమ్మా," అన్నాడాయన మర్యాదగా. "వెనకాలవాళ్లకి కూడా కనపడాలి కదండీ."

గుంపు కదిలిపోయింది. ఆయన ఇంట్లోకి వెళ్లాడు. ఆమె వెనకే వెళ్లి, మెట్ల కింద చెప్పులు విడిచి, పిల్లిలా నాలుగు మెట్లెక్కింది. పైన మాటలు వినపడ్డాయి.

"కోపం తగ్గిందన్నమాట. పంతం పడతావనుకున్నానే."

"ఎక్కడికి పోతానండీ," అంది లోపలి మనిషి. గొంతు ఆమెదే. మాటకి ముందు చిన్నగా సవరించుకోవడం కూడా ఆమెదే.

"మొహం కడుక్కో మరి."

"ఉండనివ్వండి. ఇలాగే బావుంది."

ఆమె మిగతా మెట్లు ఎక్కేసింది. "ఏమండీ," అని పిలిచింది. ఆయన గుమ్మంలోకి వచ్చి దీపం ఎత్తి, ఈసారి ఆమె మొహంలోకే చూశాడు. చాలాసేపు చూశాడు. పౌడరు లేని ఆ మొహాన్ని వెలుతురులో చూసి ఎన్నేళ్లయిందో.

"దారి తప్పారా అమ్మా? బస్సు మూల మీద ఆగి ఉంటుంది. త్వరగా వెళ్లండి, బయల్దేరిపోతుంది."

ఆమె ఉత్త కాళ్లతోనే వీధిలోకి నడిచింది. మూల మీద బస్సులోంచి లావుపాటి ఆవిడ చెయ్యూపింది.

"రండి రండి, మీకోసమే ఆపించాను. కిటికీ పక్కన కూర్చుంటారా?"

"వద్దండీ," అందామె. "ఇటువైపు కూర్చుంటాను."

మర్నాడు మెట్ల కింద చెప్పుల జత కనపడితే, బస్సులో వచ్చినవాళ్లెవరో మరిచిపోయారని ఆయన వాటిని తీసి గోడ వారగా ఎండలో పెట్టాడు. కుడి మడమ అరిగిన ఆ చెప్పుల్లో కాలివేళ్ల గుర్తులు ఇంకా నల్లగా, స్పష్టంగా ఉన్నాయి.