రంగు తప్పిన తలుపు

ఆటోనగర్‌లో లారీ తలుపు సొట్ట తీసి రంగు వేస్తే, కొత్త రంగు ఎక్కడ మొదలైందో ఓనరు కూడా పోల్చుకోలేనట్టు ఉండాలి. పాత రంగుకి సరిపోయేలా కంటితోనే చూసి కలపడంలో రిపేరు షెడ్డు పెయింటరు మరియదాసుది అందె వేసిన చెయ్యి. అలాంటివాడు ఆ రోజు ఆకుపచ్చ తలుపుకి మట్టిరంగు కొట్టి, బాగానే కలిసిందనుకున్నాడు.

షెడ్డు యజమాని సంజీవరావు తల పట్టుకున్నాడు. పొద్దున్నే తాగొచ్చావా అని అందరి ముందూ కడిగేశాడు. మరియదాసు జన్మలో చుక్క ముట్టినవాడు కాదు. అయినా తల వంచుకుని, ఇక తాగనండి అన్నాడు. అతనికి టీబీ అనీ, నాలుగు నెలలుగా బిళ్లలు మింగుతున్నాడనీ భార్య శౌరమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. దగ్గు పోయింది, ఒళ్లు తేరింది, ఇంకెందుకు చెప్పడం అనుకున్నాడు పిచ్చిమారాజు. రంగులు తేడాగా కనిపిస్తున్న సంగతి ఆమెకీ చెప్పలేదు. కన్ను పోతే కూడూ పోతుందన్న భయంతో లోలోపలే కుమిలిపోతున్నాడు.

మర్నాడు ఎరుపూ తప్పింది. సంజీవరావు ఇక పట్టలేక పటమటలో వాళ్లింటికే వచ్చాడు. మీ ఆయన తాగుడు మానకపోతే వేరేవాణ్ణి పెట్టుకుంటానన్నాడు. శౌరమ్మకి ఒళ్లు మండింది.

“ఆయన తాగడండీ. టీబీకి బిళ్లలు మింగుతున్నాడు.”

సంజీవరావు గబుక్కున గుమ్మం దిగాడు. కానీ వెళ్లిపోలేదు. వాకిట్లోంచే రంగుల సంగతంతా చెప్పాడు. శౌరమ్మ షెడ్డులో ఉన్న మొగుణ్ణి అప్పటికప్పుడే ఆసుపత్రికి బయల్దేరదీసింది. సంజీవరావూ వెంట వెళ్లాడు.

ఆ బిళ్లల్లో ఒకటి కంటి నరాన్ని దెబ్బతీస్తోందని డాక్టరు తేల్చాడు. దాన్ని ఆపించి, మిగతావి మాత్రం ఒక్క పూట కూడా మానొద్దన్నాడు. చూపు చాలామందికి మెల్లగా తిరిగొస్తుందట, నెలలు పట్టొచ్చట. ఇంకా దాచి ఉంటే కష్టమయ్యేదని కోప్పడ్డాడు. అతని నుంచి ఎవరికీ అంటుకునే భయం ఇప్పుడు లేదనీ చెప్పాడు.

బయటికొచ్చాక సంజీవరావు అడిగాడు. “అంతమందిలో తాగుబోతువంటే నోరెందుకు మూసుకున్నావయ్యా?”

“తాగుబోతునైతే తిట్టి పనిలో ఉంచుతారండీ. టీబీ అంటే తిట్టకుండానే పంపేస్తారు.”

ఇందాక టీబీ పేరు వినగానే గుమ్మం దిగింది సంజీవరావే. సిగ్గుతో చెప్పులకేసి చూశాడు.

“చూపొచ్చేదాకా రంగు నేను కలుపుతా. కొట్టేది నువ్వే కొట్టు.”

సంజీవరావు కలిపిన రంగు ఏనాడూ పాతదానితో కలిసి చావలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. మరియదాసు కళ్లు తుడుచుకుని, అలాగేనండి అన్నాడు.