పలకని ఊరు

భవ్య అమెరికా ముఖం చూసింది లేదు, చూడాలని పెద్ద కోరికా లేదు. అయినా నెబ్రాస్కా రాష్ట్రంలో టెన్‌బ్రూక్ కౌంటీ గురించి అడగండి, ఏ వాగు ఎటు పారుతుందో, ఏ ఊళ్ళో రైలు ఆగడం ఎప్పుడు మానేసిందో తడుముకోకుండా చెబుతుంది. కుప్పం బస్టాండు వెనక, మందుల షాపు పైనున్న చిన్న ఆఫీసులో ఆమె పని అదే. తాతముత్తాతల ఊరు వెతుక్కునే అమెరికావాళ్ళ కోసం ఎవరో ఒక వెబ్‌సైటు పెట్టారు. దానికి ఒక్కో కౌంటీ మీద ఒక్కో పేజీ రాసివ్వాలి. కౌంటీ అంటే మన జిల్లాకు తమ్ముడనుకోండి, సరిపోతుంది. చరిత్ర, భౌగోళికం, జనాభా అని ప్రతి పేజీకీ అవే మూడు శీర్షికలు.

టెన్‌బ్రూక్ అంటే ఆమెకు మిగతావాటి కంటే ఒక పాలు ఎక్కువ ఇష్టం. అదీ తమ ఊరిలాగే మెట్ట నేలే, వానకు మొహం వాచిన నేలే. మొదట అక్కడి మూలవాసులది. వాళ్ళను తరిమేసి బళ్ళు కట్టుకుని వచ్చినవాళ్ళు గోధుమ వేశారు. రైలు వచ్చింది, రైలు వెంట ఊళ్ళు లేచాయి. తర్వాత కరువూ దుమ్మూ కలిసి వచ్చాయి. ఆ దెబ్బ తట్టుకుని నిలబడ్డవాళ్ళ పిల్లల కాలానికి ట్రాక్టర్లు దిగాయి, పదిమంది చేసే పని ఒక్కడే చేసేశాడు. మనుషులు తగ్గారని బడులు కలిపేశారు, బడి లేదని ఇంకొంతమంది వెళ్ళిపోయారు. ఆ కౌంటీలో ఒక మూలన కాల్డర్ అనే పల్లె ఉంది. జనాభా పట్టికలో దాని పేరు ఎదురుగా సున్నా కనబడింది. భవ్య కాసేపు ఆలోచించి, తన మనసుకు తోచినట్టు రాసింది: "ఒకప్పుడు బడి, చర్చి, ధాన్యం గోదాము ఉన్న కాల్డర్‌లో ఇప్పుడు ఎవరూ లేరు. గాలి మాత్రమే ఉంది."

ఆఫీసు యజమాని మునికృష్ణ అది చదివి కళ్ళద్దాలు తీశాడు.

"గాలి మాత్రమే ఉండాది అన్నావు సూడు, గుండె పట్టేసిందమ్మా," అన్నాడు.

ఆ మాట మోసుకుంటూ భవ్య సాయంత్రం బస్సు దిగింది. బస్సు ఆగే చోట ఒక పెద్దమనిషి గొడుగు ఒళ్ళో పెట్టుకుని, మెడలో గుర్తింపు కార్డుతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి మర్యాదగా నవ్వాడు. కాల్డర్ ధ్యాసలోనే ఆమె కూడా నవ్వి, మట్టిదారి పట్టి బోడిగుట్టపల్లెకు నడిచింది.

బోడిగుట్టపల్లె రామకుప్పం వైపు, అడవి అంచున ఉన్న ఊరు. ఊరంటే ఒకే ఒక్క వీధి. అందరిదీ పట్టుపురుగుల సేద్యం. మదనపల్లెలో టమోటా మండీకి దగ్గరగా, బజారు గోలలో పెరిగిన భవ్య ఈ ఊరికి కోడలై వచ్చినప్పుడు, ఇక్కడ ఎలా బతుకుతానా అని ఏడ్చిన మాట నిజం. ఇప్పుడు ఈ ఊరు వదలమంటే ఏడుస్తుంది. ఆ ఏడుపు రోజు కూడా దగ్గరపడేలాగే ఉంది. పోయిన వానాకాలం మట్టిదారి బురదై ఒక్క ఆటో కూడా పైకి రానంది. పట్టుగూళ్ళు సంతకు చేరేసరికి సగం తడిసిపోయాయి. అప్పటినుంచి భర్త లోకేష్ ఒకటే పాట.

"తారురోడ్డు వస్తే ఉంటాం. రాకపోతే ఈ పంటే ఆకరు. కుప్పంలో ఇల్లు సూస్తా."

లోకేష్ తల్లి సిద్ధమ్మ మాత్రం కుప్పం అన్న మాట ఎత్తితే లేచి పెరట్లోకి పోతుంది.

రోడ్డు మంజూరయ్యేలాగే ఉంది. కానీ అది కింది ఊరి దాకా వచ్చి ఆగుతుందా, బోడిగుట్టపల్లె దాకా ఎక్కుతుందా అన్నది తేలలేదు. పంచాయతీ కార్యదర్శి తేల్చి చెప్పేశాడు. ఏనుగుల భయానికి ఆ ఊరు ఖాళీ అయిపోయిందని పైన అందరూ అనుకుంటున్నారట. ఇప్పుడు జరుగుతున్న ఇళ్ళ లెక్కలో మనుషులు కనబడితే రోడ్డు, కనబడకపోతే బేచిరాకు. బేచిరాకు అంటే కాగితంలో పేరుండి నేల మీద మనిషి లేని ఊరు. ఆ మాట విన్నప్పటినుంచి భవ్య లెక్కలు రాసేవాళ్ళ కోసం కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తోంది.

ఇంటి గడప ముందు తెల్లగా సున్నపు గీత ఉంది. వీధిలో ప్రతి గడప ముందూ ఉంది. పురుగులు చర్మం వదిలే ఆఖరి నిద్ర లేచి, రాత్రనక పగలనక ఆకు మేసే వారం ఇది. ఊరంతా ఒకే చోటునుంచి ఒకే రోజున పిల్లపురుగులు తెచ్చుకుంటారు కాబట్టి తలుపులన్నీ ఒక్కసారే మూతపడతాయి. బయటి మనిషి కాలి దుమ్ముతో రోగం వచ్చిందంటే పంట మొత్తం గోవిందా. భవ్య కూడా పెరటి దారిన వెళ్ళి, బ్లీచింగు నీళ్ళలో కాళ్ళూ చేతులూ కడుక్కుని, చీర మార్చుకున్నాకే లోపల అడుగు పెట్టాలి.

లోపల సిద్ధమ్మ తట్టల్లో మల్బరీ ఆకు పరుస్తోంది. పురుగుల మేత చప్పుడు సన్నని వానలా ఇల్లంతా వినిపిస్తోంది.

"ఈ పొద్దు ఎవరో వచ్చినాడు," అంది సిద్ధమ్మ, ఏదో ఘనకార్యం చెప్పినట్టు. "వీధంతా తిరిగినాడు. అమ్మా, అయ్యా అని ఒకటే పిలుపు. ఒక్క ఇంట్లో కూడా పలకలేదు. మేమూ పలకలేదు."

భవ్య చేతిలో సంచి జారింది. "మెడలో కార్డు ఉందా అత్తా? గొడుగు?"

"కిటికీ సందులోనుంచి సూసినా. ఉండాది."

"ఇళ్ళ లెక్క సారు అత్తా ఆయన! పలకాల గదా! ఎవరూ లేరని రాసుకుని పోతాడు!"

"పలికితే?" సిద్ధమ్మ చెయ్యి ఆపి కోడలి వైపు చూసింది. "పలికితే లోపలికి రమ్మనాల. ఎండన పడి వచ్చినోడిని గడప బయట నిలబెట్టి మాట్లాడతామా? రమ్మంటే పురుగు పోతాది. వద్దంటే మన మర్యాద పోతాది. పలకకుంటే రెండూ ఉంటాయి."

ఊరంతటి తెలివీ అదే. ఇంట్లో మనిషి లేడనిపించుకున్నా పరవాలేదు, వచ్చినవాడికి మంచినీళ్ళు ఇవ్వలేదనిపించుకోకూడదు. ఇలాంటి మర్యాద పట్టిన ఊరు రోడ్డు లేకుండా పోతే ఎవరిని తిట్టాలి చెప్పండి! భవ్యకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆకు మోసే మోపెడ్ తీసుకుని, గోనెసంచులు కూడా దించకుండా బస్సు ఆగే చోటికి దూసుకుపోయింది.

పెద్దమనిషి ఇంకా అక్కడే ఉన్నాడు. పేరు భీమరావు, బడిపంతులు, ఇల్లు పుంగనూరులో. పలమనేరు బస్సు కోసం చూస్తున్నాడు.

"బోడిగుట్టపల్లెకు పోయినానమ్మా," అన్నాడు. "ఎవరుండారు ఆడ? ఏ తలుపు తట్టినా పలికే దిక్కు లేదు. ఏనుగులకు భయపడి ఎల్లిపోయినారని కిందూరోళ్ళు సెప్పినారు. నిజమేననుకున్నా."

"ఉండారు సార్. అందరూ లోపలే ఉండారు. మీరు పిలిస్తే విన్నారు కూడా."

"విని పలకలేదా? యాల? నేనేమన్నా అప్పులు వసూలుకు వచ్చినానా?"

భవ్య సున్నపు గీత సంగతీ, పురుగుల సంగతీ, మర్యాద సంగతీ చెప్పింది. చెబుతుంటే సిగ్గుతో ముఖం ఎర్రబడింది. భీమరావు కాసేపు నోరు తెరుచుకుని విన్నాడు. తర్వాత గొడుగు పక్కన పెట్టి పగలబడి నవ్వాడు.

"నన్ను గౌరవించడానికి నన్ను ఎండలో తిప్పినారంటావు! లెక్క ఇంకా పంపలేదులేమ్మా. రేపు సాయంత్రం దాకా టైముండాది. పొద్దున్నే వస్తా. కానీ ముందే సెప్తాండా. మనిషి బయటికి రావాల, నోరు తెరిచి పేరు సెప్పాల. నేను గాలిని రాసుకోలేను గదా!"

గాలి అన్న మాట భవ్యకు ఎక్కడో తగిలింది. ఎక్కడ తగిలిందో అప్పుడు ఆలోచించే తీరిక లేదు. బస్సు వచ్చింది, ఆయన ఎక్కి వెళ్ళిపోయాడు.

ఇంటికి తిరిగి వచ్చి అత్తతో చెబితే ఆమె ససేమిరా అంది.

"మళ్ళీ వస్తాడా? మళ్ళీ పలకం."

"అత్తా, ఈ ఊరు ఖాళీ అని రాస్తే రోడ్డు రాదు. రోడ్డు రాకపోతే మీ కొడుకు కుప్పం పోదామంటాడు. అప్పుడు మీరు ఈ తట్టలు ఎవరికి అప్పజెప్తారు?"

సిద్ధమ్మ ఇంకో తట్ట ముందుకు లాక్కుంది. ఆకు తుంచుతూ ఉండిపోయింది. లోకేష్ తలుపు దగ్గర ఆకు మోపు దించుతూ, తల్లి ముఖం వైపు చూడలేక మోపు వైపే చూశాడు. ఆ ఇంట్లో ఎవరికి ఏం కావాలో ముగ్గురికీ తెలుసు. సిద్ధమ్మకు ఈ ఇల్లు కావాలి, లోకేష్‌కు పంట సంతకు చేరాలి. భవ్యకు ఇద్దరూ ఒకే కప్పు కింద ఉండాలి.

"గడప బయట నిలబెట్టడం తప్పే అత్తా," అంది భవ్య చివరికి, మెల్లగా. "గడప దాకా రానివ్వకుండా ఎదురు పోతే? ఊరి మొదట్లో ఆకుకొట్టం ఉంది గదా. మంచం వేద్దాం, మజ్జిగ పెడదాం, సంగటి పెడదాం. ఊరు మొత్తం ఎదురొచ్చి కూర్చోబెడితే అది మర్యాద తక్కువవుతుందా?"

సిద్ధమ్మ ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసింది. పురుగుకు భయం లేదు, ఎదురు పోవడం అంటే పెళ్ళివారికి చేసే మర్యాద. అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. దొరకనందుకు కాస్త చిరాకు పడి, "సంగట్లోకి ఊరిబిండి నేనే సేస్తా. నీకు ఉప్పు కుదరదు," అంది.

అంతే, మాట వీధి ఆ చివర దాకా పోయింది.

మరునాడు పొద్దున భీమరావు మట్టిదారి ఎక్కి వచ్చేసరికి ఆకుకొట్టం ముందు ఊరు ఊరంతా నిలబడి ఉంది. చేతుల్లో ఆకు కోసే కొడవళ్ళున్నవాళ్ళూ, చంకలో పిల్లలున్నవాళ్ళూ, నిద్ర చాలక కళ్ళు ఎర్రబడ్డవాళ్ళూ. మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. ఆయన అలా నిలబడిపోయాడు. నిన్న ఈ వీధిలో తన గొంతు తప్ప ఇంకో గొంతు వినలేదు మరి.

"కూర్చోప్పా," అంది సిద్ధమ్మ, మజ్జిగ చెంబు అందిస్తూ. "నిన్న నువ్వు పిలిస్తే విన్నాం. మనసులో పెట్టుకోవద్దు. ఇప్పుడు అడుగు, ఏమడుగుతావో."

ఒక్కో ఇల్లూ ముందుకు వచ్చింది. పేర్లు చెప్పారు, పిల్లల పేర్లు చెప్పారు. ఆయన ఫోనులో కొట్టుకుంటుంటే పక్కనుంచి తొంగిచూసి సరిచేశారు. ముసలి అంకయ్య తన వయసు తనకు తెలియదని, తాను పుట్టిన ఏడు చెరువు తెగిందని చెబితే, ఏ చెరువో తేల్చడానికి నలుగురు వాదులాడుకున్నారు. భీమరావు రెండోసారి సంగటి అడిగి పెట్టించుకున్నాడు. సిద్ధమ్మ వంతు వచ్చింది. అడక్కుండానే పేరు చెప్పింది, మొగుడి పేరు చెప్పింది. వీధి వైపు చెయ్యి చూపించింది.

"మేమంతా ఈడనే ఉండామని రాసుకోప్పా," అంది.

భవ్యకు కళ్ళు నిండాయి. ఆ నిమిషంలోనే నిన్నటి గాలి ఎక్కడ తగిలిందో తెలిసింది. కాల్డర్! ఆ సున్నా ఎవరు రాశారు? ఏ తలుపు తట్టి రాశారు? తట్టిన రోజున తలుపు అవతల ఎవరున్నారో తనకేం తెలుసు? ఒక ఊరికి ఊరినే అందమైన మాటతో ఊడ్చి పారేసి, బస్సులో మురిసిపోతూ ఇంటికి వచ్చింది.

ఆరోజు ఆఫీసుకు పోగానే టెన్‌బ్రూక్ కౌంటీ కార్యాలయానికి ఈమెయిల్లో ఉత్తరం పంపింది. కాల్డర్‌లో నిజంగా ఎవరూ లేరా అని అడిగింది. మునికృష్ణ గొణిగాడు.

"పట్టికలో ఉన్నది రాసినాం. మళ్ళీ అడిగేదేముండాది? ఆ గాలి మాట తీసేస్తావా ఏంది, ఎంత బాగుండాది!"

"బాగుండాది సార్. నిజమో కాదో తెలియాల గదా."

జవాబు వచ్చేసరికి బోడిగుట్టపల్లెలో పురుగులు చంద్రికలనే వెదురు చట్రాల మీదకెక్కి గూళ్ళు కట్టేశాయి, సున్నపు గీతలు చెరిగిపోయాయి, తలుపులు బార్లా తెరుచుకున్నాయి. గూళ్ళు సంతకు పోయిన రోజు మట్టిదారి మొదట్లో లారీ ఒకటి కంకర దిబ్బ పోసి పోయింది. దిబ్బ కింది ఊరి దగ్గర కాదు, వీళ్ళ మలుపులో పోసింది. లోకేష్ బండి దిగి ఆ కంకర చేత్తో తడిమి చూశాడట. కుప్పంలో ఇల్లు అన్న మాట ఆ తర్వాత ఎత్తలేదు.

భవ్య ఫోనులో వచ్చిన జవాబును అరుగు మీద కూర్చుని అత్తకు తెలుగులో చెప్పింది. కార్యాలయంవాళ్ళు తన ఉత్తరాన్ని డోరతీ అనే ఆవిడకు పంపించారు. ఆవిడే రాసింది. కాల్డర్‌లో ఉన్నది తానూ తన కొడుకు కుటుంబమూనట. లెక్కలవాళ్ళు వచ్చే కాలం ఆవులు ఈనే కాలమట. మంచులో దూడలు చనిపోకుండా అందరూ కొట్టంలోనే పడుంటారట. ఇంటికి తాళం చూసి పోయారే తప్ప, కొట్టం వెనక్కి ఎవరూ వచ్చి చూడలేదట. మా గురించి అడిగిన మొదటి మనిషివి నువ్వే అని రాసింది.

సిద్ధమ్మ చెంపన చెయ్యి పెట్టుకుని విన్నది.

"పాపం, ఆవుల కాడ ఉండి పలకలేదా?"

"అవునత్తా."

"మరి నువ్వేం రాసినావు?"

"మార్చేశాను. కాల్డర్‌లో మనుషులున్నారు, దూడల కాలంలో కొట్టంలో ఉంటారు అని రాశాను. గాలి తీసేశాను."

"మంచి పని సేసినావు." సిద్ధమ్మ వీధి చివర మలుపు వైపు, కంకర దిబ్బ వైపు చూసింది. ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ కోడలి వైపు తిరిగింది. "అవునమ్మీ, ఆయమ్మకు ఇంటిదాకా రోడ్డు ఉండాదా?"

భవ్యకు ఆ సంగతి తెలియదు. వాగులు తెలుసు, రైళ్ళు తెలుసు, ఈ ఒక్కటి ఎప్పుడూ చూడలేదు. ఫోనులో మ్యాపు తెరిచి, కాల్డర్ పేరు దగ్గరకు జరిపి, వేళ్ళతో పెద్దది చేసింది. పొలాల మధ్యనుంచి సన్నని గీత ఒకటి వచ్చి ఒక ఇంటి కప్పు దగ్గర ఆగింది.

"ఉండాది అత్తా. మట్టిరోడ్డే."

"మట్టిరోడ్డా!" అంది సిద్ధమ్మ. "అయితే తారురోడ్డు అడగమని రాయి. తలుపు తీసి, ఎదురు పోయి అడగమను. ఇస్తారు."